గంగవ్వ గొడుగు

హైదరాబాద్ బస్సు రావడానికి ఇంకా గంట పడుతుందని విచారణ కిటికీ వెనక కూర్చున్న మనిషి తలెత్తకుండానే చెప్పాడు. గంట కోసం మళ్లీ ఇంటిదాకా ఏం వెళ్తాంలే అనుకుంది మమత, వెళ్లాలని లేదని మాత్రం అనుకోలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చోబోయి చురుక్కుమంటే లేచి, చున్నీ కొస మడతలు పెట్టి పరుచుకుని మళ్లీ కూర్చుంది. ఏప్రిల్ ఎండ. బాన్సువాడ ఎండకి మొహమాటం లేదు, చుట్టమని చూడదు, ప్రొఫెసరని చూడదు. గుర్తుపట్టలేదు, అన్న గుర్తుపట్టలేదు, నిన్న సాయంత్రం గడపలో అడుగు పెట్టినప్పుడు పట్టలేదు, పొద్దున మంచం పట్టె మీద కూర్చుని చెయ్యి పట్టుకుని, నేనెవరన్నా, అని అడిగినప్పుడూ పట్టలేదు. ఆ కళ్లు మాత్రం అవే, ఎవరైనా దుకాణం మెట్టు ఎక్కగానే ఏ ఊరు, ఏ పని అని కనిపెట్టేసే కళ్లు, అవి ఆమె మొహం మీద అట్లాగే నిలబడ్డాయి, పెదవులు కూడగట్టుకుని, వంకరపోయిన మూతిలోంచి ఒక్కొక్క అక్షరం లాగి బయట పడేశాడు. గంగవ్వ, అన్నాడు. కాసేపాగి, గొడుగు, అన్నాడు. వారం రోజులుంటానని వచ్చిన మనిషి మర్నాడే బ్యాగు సర్దుకుంది. క్లాసుందని వదినతో అబద్ధం ఆడింది, ఏప్రిల్లో ఏం క్లాసులని వదిన అడగలేదు, అడిగితే మమత ఏడ్చేసేది.

అన్నకి పక్షవాతం వచ్చిన రోజు మమత అర్ధాంతరంగా అన్నీ వదిలేసి నిజామాబాద్ దవాఖానకి పరుగెత్తింది. అప్పుడు బాలమల్లు అన్నకి మాటే లేదు, కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. మాట వస్తే వస్తుంది లేకపోతే లేదన్నాడు డాక్టరు, ఆ ముక్క చెప్పడానికి అంత చదువెందుకో. ఈ రెండు నెలల్లో మాటలు ఊరి నుంచి నడిచొచ్చే మనుషుల్లా ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలుపెట్టాయి. మొదట వదినని ప్రేమా అన్నాడట, ప్రేమల వదిన ఫోన్లో ఆ సంగతి చెప్తూ ఎక్కిళ్లు పెట్టింది, ముప్పై ఏళ్ల కాపురంలో పేరు పెట్టి పిలవని మనిషి పక్షవాతం వచ్చాక పిలిచాడని. తర్వాత మనవణ్ని బిట్టూ అన్నాడు. నీళ్లు అన్నాడు, చాయ్ అన్నాడు. తర్వాత ఒక ఆదివారం, మమత గొంతు వినిపిద్దామని వదిన ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి మాట్లాడిస్తుంటే, గంగవ్వ అన్నాడు. అప్పట్నుంచి ఆ గంగవ్వ ఇల్లు వదల్లేదు. ఎవరే గంగవ్వ, అని వదిన మమతనే అడిగింది, మమత నిజాయితీగా తనకి తెలిసింది చెప్పింది, ఉండేది వదినా, పూర్వం బీర్కూర్ బస్సెక్కే ముసలామె, రోజూ గొడుగు మర్చిపోయేది, అన్న మైకులో పిలిచేవాడు అని. అంతే, వదిన బీర్కూర్‌కి కబురు పంపింది, ఆ పక్క ఊళ్లలో ఊరికో గంగవ్వ తేలింది, వాళ్లలో నడవగలిగిన ఒకామెని ఆటో ఎక్కించి తీసుకొచ్చి మంచం పక్కన కూర్చోబెట్టారు. ఆయన ఆమెని ఎగాదిగా చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కొడుకా, నేను గొడుగు పట్టుడే ఎరుగ, చేన్ల కొంగు కప్పుకోనే తిరిగిన, అని చెప్పి ఆ గంగవ్వ చాయ్ తాగి, బిట్టుని దీవించి వెళ్లిపోయింది. నిన్న రాత్రి అన్నం పెడుతూ వదిన నవ్వుతూనే అంది.

"గిన్నేండ్లల్ల గీ గంగవ్వ ముచ్చట నాకు ఒక్కనాడు చెప్పలే మీ అన్న. ఎవలో ఏమో గని, సొంత చెల్లె పేరు యాదికి లేదు, గామె పేరు మాత్రం నోట్లెకెల్లి పోతలేదు."

ఆ మాటలో వెటకారం సగం, దిగులు సగం. మమత చెయ్యి కడుక్కుంది. ఆ పేరు నాలుక మీద నిలిచిందంటే ఆ కాలమూ నిలిచే ఉండాలి కదా, గొట్టం మైకూ, దుకాణమూ, బీర్కూర్ బస్సూ అన్నీ ఉండాలి, అన్నీ ఉన్న చోట తను మాత్రం ఎట్లా లేకుండా పోయింది.

ఎదురుగా రోడ్డు అవతల, ఇప్పుడు సెల్‌ఫోన్లకి అద్దాలు వేసే కొట్టు ఉన్న చోటే ఉండేది మైకుసెట్టు దుకాణం. పెళ్లిళ్లకి, జాతరలకి కిరాయికిచ్చే పెట్టెలు, చుట్టలు చుట్టిన వైర్లు, పైన రేకుల కప్పు మీద బస్టాండు వైపు నోరు తెరుచుకున్న ఒక గొట్టం. అది అమ్మకానికో, కిరాయికో పెట్టింది కాదు, ఊరికే పెట్టింది. అంటే ఊరి కోసమే పెట్టింది. పిల్లాడు తప్పిపోయినా, సంచీ మర్చిపోయినా, వర్ని నుంచి వస్తానన్న వియ్యంకుడు రాకపోయినా జనం బాలమల్లు దగ్గరికి పోయేవాళ్లు. మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి వాళ్లొస్తే ఆయన మరాఠీ కూడా మాట్లాడేవాడు, వచ్చినవి నాలుగే మాటలు, ఆ నాలుగింటినీ అటు తిప్పి ఇటు తిప్పి సర్దేవాడు, వాళ్లు నవ్వుకుంటూనే వచ్చి సామాను తీసుకునేవాళ్లు. నాన్న పోయాక ఆ దుకాణమే ఇల్లు నడిపింది, అన్న రాత్రీపగలూ దుకాణంలోనే ఉండేవాడు, బీర్కూర్‌లో ఇంటి దగ్గర అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టేది, మమత బాన్సువాడ బడికి బస్సులో వచ్చిపోయేది. అవ్వ చాటలో తునికాకు వాసన, పక్కన లెక్కల పుస్తకం, ఆకు మడిచి తంబాకు పోసి దారం చుట్టే ఆ వేళ్లు ఒక్క లిప్త ఆగితే మమత ఎక్కం తప్పిందని అర్థం, అవ్వకి ఎక్కాలు రావు, గొంతు తడబడటం తెలుసు. ఇంట్లో ఏది తెగినా, ఏది ఊడినా అవ్వ దగ్గర ఒకటే మందు, ఆ గులాబీ రంగు బీడీ దారం, పుస్తకాల సంచీకి అదే కుట్టు, చెప్పుకి అదే ముడి.

ఆ రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఏడో తరగతి. సాయంత్రం బస్టాండు నిండా బడి పిల్లలు, మమత స్నేహితురాళ్ల మధ్య నిలబడి ఏదో గొప్పలు పోతోంది, గొట్టం గరగరమని గొంతు సవరించుకుంది. బీర్కూర్ మమతా, ఏడో తరగతి మమతా, నీ సద్దిగిన్నె దుకాణంల మర్చిపోయినవు, అండ్ల మామిడికాయ తొక్కు ఉన్నది, నూనె కారిపోతుంది, జల్ది రా. బస్టాండంతా ఒక్కసారి గొల్లుమంది. మర్నాటి నుంచి ఆమె పేరు తొక్కు మమత, ఏడాది పొడుగునా అదే పేరు, ఒకడైతే బల్ల మీద చెక్కాడు కూడా. ఆమె అన్నతో మాట్లాడటం మానేసింది, అవ్వ బుజ్జగించినా దిగలేదు, చివరికి అన్నే బీర్కూర్ వచ్చి, వాకిట్లో గొంతుక్కూర్చుని, ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

"నీ పేరు ఇగ జన్మల మైకుల ఎత్త. సరేనా."

సరేనంది. కానీ దుకాణం మెట్టెక్కితే తొక్కు మమత అంటారని, బడి రోజుల్లో ఆ వైపే పోలేదు, రోడ్డుకి ఇవతల, ఇదే బస్టాండులో, దూరంగా మూల బెంచీ మీద కూర్చుని బస్సు కోసం చూసేది. సెలవు రోజుల్లో మాత్రం అవ్వ వండిన కూర పట్టుకొచ్చి దుకాణం ఊడ్చి, పెట్టెల మీద దుమ్ము దులిపి, మేకులకి తగిలించిన సామాను సర్ది వెళ్లేది. బడి రోజుల్లో సాయంత్రం పొద్దుగూకుతుంటే భయం, చలికాలమైతే మరీ, చదువుకున్న పాఠం కూడా మర్చిపోయేంత భయం, బస్సు రాకపోతే ఎట్లా, వచ్చినా ఎక్కలేకపోతే ఎట్లా. అప్పుడు గొట్టం పలికేది. బీర్కూర్ బస్సెక్కే గంగవ్వా, నీ గొడుగు నా దగ్గర్నే ఉన్నది, ఫికర్ చెయ్యకు. కాసేపటికి మలుపులో బస్సు కనిపించేది. అన్న దుకాణం కప్పు దగ్గర్నుంచి ఆ మలుపు కనిపిస్తుందని, బస్సు కంటపడగానే గంగవ్వకి కేకేస్తున్నాడని కొన్నాళ్లకి కనిపెట్టింది మమత. అప్పట్నుంచి గంగవ్వ గొడుగు మాట వింటే చాలు, సంచీ భుజానికి తగిలించుకుని లేచి నిలబడేది. పాపం ఆ గంగవ్వకెంత మతిమరుపో అనుకునేది. బస్సులో నీలం చీర కట్టుకుని కునికిపాట్లు పడే ఒక ముసలమ్మే గంగవ్వ అని తనకి తానే తీర్మానించుకుని, చాలాసార్లు లేచి ఆమెకి సీటిచ్చింది, ఆ ముసలమ్మ ఎందుకిచ్చిందో తెలియక బోసినోటితో దీవించేది.

చదువు నిజామాబాద్ పోయింది, హైదరాబాద్ పోయింది, ఉద్యోగం కూడా అక్కడే కుదిరింది, కబురు ఎట్లా పంపితే తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి చేరుతుందన్నదే ఆమె పని. నెట్‌వర్క్ కోడింగ్ అంటారు. మా ఆడిబిడ్డ ఫోన్లు మంచిగ పనిజేసేటట్టు లెక్కలు జేస్తది, అని వదిన వాడకట్టంతా చెప్పేసింది, అది పూర్తిగా తప్పూ కాదు. దారి ఒక్కటే ఉన్నప్పుడు ఇద్దరి కబుర్లూ వేరువేరుగా పంపనక్కర్లేదు, రెండూ కలిపి ఒక్కటిగా పంపవచ్చు, వినేవాడి దగ్గర ముందే ఏముందో తెలిస్తే చాలు, ఆ ఉన్నదాన్ని తీసేసుకుని మిగిలిన తన కబురు తను విడదీసుకుంటాడు. వినేవాడి చేతిలో ముందే ఉన్నది, దాని చుట్టూ ఇరవై ఏళ్లు తిరిగింది ఆమె, దాని మీదే సిద్ధాంతాలు రాసింది, దాని మీదే కొట్లాడింది, ఒక రుజువు ఆర్నెల్లు కుదరక జుట్టు తెల్లబడింది కూడా దాని మీదే. ప్రతి ఏడూ కొత్త పిల్లలకి మొదటి పాఠంలో గంగవ్వ కథే చెప్తుంది. ఒక బస్టాండు, ఒక గొట్టం, ఒక మాట. మతిమరుపు ముసలమ్మకి ఆ మాట గొడుగు గురించి చెప్తుంది, మూలన కూర్చున్న బడిపిల్లకి అదే మాట బస్సు మలుపు తిరిగిందని చెప్తుంది, పంపింది ఒకటి, అందుకున్నది ఇద్దరు, పైగా ఆ పిల్లకి ఎవరూ ఏమీ పంపలేదు, తన దగ్గరున్న తెలివితో తనే పిండుకుంది. అక్కడ పిల్లలు నవ్వుతారు, తనూ నవ్వుతుంది, ఆ పిల్ల తెలివికి కొంచెం గర్వం కూడా. అన్నకి ఈ సంగతి ఎప్పుడైనా చెప్పిందా? చెప్పలేదు. నీ గొట్టం మీద బతుకుతున్నానన్నా అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది, వచ్చినప్పుడల్లా అనుకునేది, అన్న ఏదో తినమనేవాడు, వదిన చీర తెచ్చేది, బస్సు వేళయ్యేది. ఇప్పుడు చెప్తే ఎవరికి చెప్తున్నట్టు.

బస్టాండు స్పీకర్లో అమ్మాయి గొంతు పలికింది, ముందే రికార్డు చేసి పెట్టిన గొంతు, ప్రయాణికులు దయచేసి గమనించగలరు. దానికి గరగర లేదు, దగ్గు లేదు, ఎవరూ తలెత్తలేదు. ఎండ వాలి రేకుల కిందికి జరిగింది, మోకాళ్ల దాకా వచ్చింది, జరుగుదామంటే బెంచీలన్నీ నిండిపోయాయి, పక్కనామె చంటిపిల్ల మొహం మీద కొంగు కప్పింది. గొడుగుంది కదా అనుకుంది మమత. బయల్దేరేటప్పుడు అన్న ఊరుకోలేదు, బాగున్న ఎడమచేత్తో గోడకున్న కొక్కెం వైపు చూపిస్తూ గొంతులో ఏదో గొణుగుతూ ఉంటే, ఎండ దంచుతుందని తీస్కపొమ్మంటుండు మీ అన్న, అని వదిన అక్కడున్న పాత గొడుగు తీసి చేతిలో పెట్టింది. నల్లగుడ్డ వెలిసి బూడిదరంగుకి దిగింది, కర్ర పిడి నునుపు తేలింది. ఈ మోటు గొడుగు హైదరాబాద్‌లో ఎక్కడ పెట్టుకోను అనుకుంటూనే తీసుకుంది, ఇప్పుడు విప్పింది, చంటిపిల్ల మీదికి కూడా నీడ పడేటట్టు కొంచెం పక్కకి వంచింది. వంచినప్పుడు కనిపించింది. విరిగిన ఒక ఊచని పక్క ఊచతో కలిపి గట్టిగా చుట్టిన దారం. గులాబీ రంగు పోయి మట్టిరంగు తేలింది గానీ ముడి పక్కన లోపలి చుట్టులో ఆ గులాబీ ఇంకా ఉంది. అవ్వ ముడి. బీడీ కొసకి వేసే ముడి, రెండు చుట్లు తిప్పి కిందినుంచి లాగేది.

నాన్న గొడుగు ఇది. వదిన చేతిలో పెట్టినప్పుడు పోల్చుకోలేదు గానీ, నాన్న పోయాక దుకాణంలో మేకుకి ఉండేది, సెలవు రోజుల్లో తనే దుమ్ము దులిపేది, ఈ ముడిని గోటితో గీకి చూసేది కూడా. గంగవ్వ రోజూ మర్చిపోయి రోజూ తీసుకుపోయే గొడుగు ఆ దుకాణంలో ఇంకొకటి ఉండేదా? లేదు, ఆ దుకాణంలో ప్రతి మేకూ ఆమెకి తెలుసు, ఒక్కటే గొడుగు, ఎప్పుడు పోయినా అదే మేకుకి అట్లాగే. అసలు ఏ కాలంలో విన్నది ఆ కేక? వానాకాలం సరే. పొలాలు నెర్రెలిచ్చిన వేసవిలో? మంచు పడే చలికాలంలో? అన్ని కాలాల్లోనూ గొడుగే, సెలవు రోజుల్లో మాత్రం, తను దుకాణంలో ఉన్నప్పుడు, ఒక్కసారి కూడా లేదు. బీర్కూర్ బస్సు వస్తుంది, పోతుంది, సెలవు రోజు గంగవ్వకి గొడుగు ఉండదు. నీ పేరు ఇగ జన్మల మైకుల ఎత్త. ఎత్తలేదు. ఒట్టేసిన మనిషి ఎట్లా ఎత్తుతాడు, ఎత్తకుండా రోడ్డుకి అవతల మూల బెంచీ మీద బిక్కచచ్చి కూర్చున్న చెల్లికి, చీకటి పడ్డా నేనిక్కడ చూస్తూనే ఉన్నాను అని ఎట్లా చెప్తాడు. గంగవ్వా, ఫికర్ చెయ్యకు. నిండు బస్టాండులో, అందరూ వినేటట్టు, ఎవరికీ తెలియకుండా. తెలియాల్సిన ఆమెకి కూడా తెలియలేదు. పంపింది ఒకటి, అందుకున్నది ఇద్దరని ఇన్నేళ్లూ బోర్డు మీద గీతలు గీసి చెప్పింది, ఆ గీతల్లో ఒకటి ఎప్పుడూ లేదు, ఉన్నది ఒక్కతే, ఆ ఒక్కతే తనకి ఎవరూ ఏమీ పంపలేదని పిల్లల ముందు నవ్వింది. ఒట్టు, మేకు, కాలం, మూడూ తన చేతిలోనే ఉన్నాయి, ఒక్కనాడూ కలిపి చూడలేదు. ఇంత చదువు చదివి వదిన చేత బీర్కూర్‌కి ఆటో పంపించింది. మమతకి నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపైంది, పక్కనామె కంగారుపడి, ఏమైందక్కా, పాణం మంచిగలేదా, నీళ్లు తాగుతవా, అని సీసా అందించింది. తాగింది. బాగానే ఉందని చెప్పింది. హైదరాబాద్ బస్సు వచ్చి ఆగింది, జనం దాని మీద పడ్డారు, మమత బ్యాగు అందుకుని గొడుగు వేసుకుని రోడ్డు దాటింది, సెల్‌ఫోన్ల కొట్టు ముందు ఒక్క నిమిషం ఆగి తలెత్తి కప్పు వైపు చూసింది, గొట్టం లేదు, అది ఉండిన చోట ఏదో కంపెనీ బోర్డుంది. అక్కడ నిలబడితే నిజంగానే మూల బెంచీ సూటిగా కనిపిస్తోంది.

ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంది. ముందుగదిలో అన్నని కుర్చీలో కూర్చోబెట్టి వదిన జావ తాగిస్తోంది, వీధిలో ఎవరో కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్నారు. గడపలో గొడుగుతో నిలబడిన మనిషిని చూసి వదిన గ్లాసు పక్కన పెట్టింది. బస్సు తప్పిందా అని అడిగింది. అన్న చూపు గొడుగు మీదికి పోయింది, అక్కడ్నుంచి మమత మొహానికి వచ్చింది, పెదవులు కూడగట్టుకున్నాడు.

"గంగవ్వ."

"ఈడనే ఉన్ననే," అంది మమత. "గొడుగు దొరికింది. ఫికర్ చెయ్యకు."

వదిన ఆమెని చూసింది, ఆయన్ని చూసింది, గీమెనా గంగవ్వ, అని తనలో తనే అనుకున్నట్టు అంది. అన్న మొహంలో సగమే నవ్వింది, మిగతా సగం నవ్వలేకపోయింది, కంట్లోంచి నీళ్లు మాత్రం రెండువైపులా కారాయి. మమత గొడుగు ముడిచి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, ఆ ఎడమచెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది, వాకిట్లో ఒట్టేసిన రోజు పెట్టినట్టు.

"ఒట్టు తీసి గట్టున పెట్టన్నా. ఇంట్ల మైకు లేదు. నా పేరు పిలువొచ్చు."

ఆయన తెరిచున్న తలుపు వైపు చూశాడు, వీధిలో బండి దగ్గరున్న మనుషుల వైపు చూశాడు, తల మీద నుంచి చెయ్యి తీసి తలుపు వైపు ఊపాడు. వదినకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. అప్పుడు అన్న ముందుకి వంగి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించి, మమ, అన్నాడు, మళ్లీ ప్రయత్నించి మళ్లీ అక్కడే ఆగిపోయాడు. సగమే వచ్చింది. మిగిలింది ఆమె దగ్గర ముందే ఉంది.